నీటితో చల్లబడే టూ-స్ట్రోక్ బోటు ఇంజన్లకు ఏ ఆయిల్ పోయాలి?

ప్రశ్న: గోపాల్‌పూర్ తీరవాసి

అందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ పక్కన ఉన్న తీరగ్రామం. వేటకు వెళ్లే మా ఫైబర్ బోటుకు 40 హెచ్‌పీ టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజను (బోటు వెనక తగిలించేది) ఉంది. దానికి పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోస్తాం. ఇది కాక మా తమ్ముడు పర్యాటకులను తిప్పడానికి విశాఖపట్నంలో ఒక పాత స్పీడ్ బోటు కొన్నాడు. దాని వెనక ఉన్నది 115 హెచ్‌పీ వీ-4 (వీ ఆకారంలో నాలుగు సిలిండర్లున్న) టూ-స్ట్రోక్ ఇంజను. కార్బ్యురేటర్లదే గాని, ఆయిల్‌కు విడిగా ట్యాంకూ పంపూ ఉన్నాయి. ఐదు వేల ఆర్‌పీఎం దాటించి నడిపే ఇంజను కాబట్టి ఆయిల్ విషయంలో ఏమరుపాటు పనికిరాదని నా ఉద్దేశం.

బరంపురంలో ఒక విడిభాగాల దుకాణంలో అడిగితే, మోటారు సైకిళ్లకు పోసే టూటీ ఆయిల్ చేతిలో పెట్టి, టూ-స్ట్రోక్ అంటే టూ-స్ట్రోకే, ఏదైనా ఒకటే అన్నారు. మా ఊళ్లో చాలా బోట్లు అదే పోసుకుని నడుస్తున్న మాటా నిజమే. ఇంకో దుకాణంలో రేసింగ్ బైకులకు వాడే ఫుల్ సింథటిక్ ఆయిల్ చూపించి, వేగంగా తిరిగే ఇంజనుకు దీన్ని మించినది లేదన్నారు. ఆ డబ్బా మీద జాసో ఎఫ్‌డీ, ఏపీఐ టీసీ అనే ప్రమాణాల పేర్లు ఉన్నాయి. బోటు అమ్మినవారు మాత్రం టీసీ-డబ్ల్యూ3 అనే బోటు ఆయిల్ ప్రమాణం రాసి ఉన్నదే పోయమని గట్టిగా చెప్పి పంపారు. ఖరీదులో చూస్తే రేసింగ్ ఆయిలే అన్నిటికంటే ఎక్కువ. మరి ఎక్కువ ఖరీదుది ఎందుకు పనికిరాదో, తక్కువ ఖరీదు టూటీ ఆయిల్‌తో ఇన్ని బోట్లు ఎలా నడుస్తున్నాయో తెలిసినవారు వివరించగలరు. 40 హెచ్‌పీ ఇంజనుకు ఎంత ఆయిల్ కలపాలన్న దాని మీద కూడా మా ఊళ్లో ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. దాని గురించీ చెప్పండి.

జవాబు: బరంపురం కెమిస్టు

తీరవాసి గారికి నమస్కారం. కందెన నూనెల ప్రయోగశాలలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక ఆయిల్ వరకు చెబుతాను. ఇంజను విప్పి చూసిన అనుభవం ఉన్నవారు మిగిలినది చెబుతారు.

ఖరీదును పక్కన పెట్టి, ఆ ఆయిల్ ఎంత వేడిలో పనిచేయడానికి తయారైందో చూడండి. ఆర్‌ఎక్స్ 100 వంటి మోటారు సైకిలు ఇంజను గాలితో చల్లబడుతుంది. దాని సిలిండరు గోడలు బాగా వేడెక్కుతాయి కాబట్టి, ఆ వేడిలో పిస్టన్ రింగుల గాడుల్లో మసి పేరుకోకుండా శుభ్రం చేయడానికి ఆయిల్‌లో కాల్షియం వంటి లోహపు లవణాలు కలుపుతారు. ఇవి కాలినప్పుడు కొద్దిగా బూడిద మిగులుతుంది. గాలితో చల్లబడే ఇంజనులో అది పెద్ద సమస్య కాదు, చాలావరకు సైలెన్సరు గుండా బయటికి పోతుంది.

బోటు ఇంజను సంగతి వేరు. సముద్రపు నీటిని నేరుగా పీల్చి సిలిండర్ల చుట్టూ తిప్పి బయటికి వదులుతుంది. గోడలు చాలా చల్లగా ఉంటాయి గాని, పూర్తి వేగంలో గంటల తరబడి బరువు లాగుతున్నప్పుడు పిస్టన్ తల మాత్రం విపరీతంగా వేడెక్కుతుంది. మోటారు సైకిలు ఇలా గంటసేపు ఆపకుండా పూర్తి థ్రాటిల్ మీద నడవడం అరుదు; బోటుకు అది రోజువారీ పని. ఈ పరిస్థితిలో లోహపు లవణాల బూడిద పిస్టన్ తల మీదా ప్లగ్గు కొన మీదా గట్టిపడి పేరుకుంటుంది. ఆ పెచ్చు నిప్పుకణంలా ఎర్రబడితే, ప్లగ్గు మండించకముందే పెట్రోలు దానంతట అదే అంటుకుంటుంది. దీన్నే ప్రీ-ఇగ్నిషన్ అంటారు. 115 హెచ్‌పీ వంటి ఇంజనులో అది కొద్ది సేపు సాగినా పిస్టన్‌కు చిల్లు పడవచ్చు.

అందుకే టీసీ-డబ్ల్యూ3 ఆయిల్‌లో లోహపు లవణాలు ఉండవు. వాటికి బదులు కాలిపోయి బూడిద మిగల్చని నత్రజని సమ్మేళనాలు శుభ్రం చేసే పని చేస్తాయి. ఈ ప్రమాణాన్ని అమెరికాలోని నేషనల్ మెరైన్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్ నిర్వహిస్తుంది. 1990ల మొదట్లో పాత టీసీ-డబ్ల్యూ2 స్థానంలో ఇది వచ్చింది. రింగులు అతుక్కుపోవడం వంటివాటిని నిజమైన అవుట్‌బోర్డ్ ఇంజన్ల మీద, ప్రీ-ఇగ్నిషన్, కందెన గుణాలను చిన్న టూ-స్ట్రోక్ ఇంజను మీద నడిపి పరీక్షిస్తారు. వీటితోపాటు తుప్పు పరీక్ష ఉంది, నీరు తగిలినప్పుడు ఆయిల్ ముద్దకట్టి ఫిల్టరు పూడుకుపోతుందేమో చూసే పరీక్ష ఉంది. మోటారు సైకిలు ఆయిల్‌కు ఈ రెండూ అడగరు. మన తీరంలో నిలబెట్టిన ఇంజను లోపలికి ఉప్పుగాలి పోయి క్రాంకు బేరింగులకు తుప్పు పట్టడం ఎంత మామూలో మీకు నేను చెప్పక్కర్లేదు.

డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉంటే చాలదు. "ఆ ప్రమాణానికి తగినది" అని రాసుకోవడం వేరు, పరీక్షలు చేయించి లైసెన్సు పొందడం వేరు. లైసెన్సు ఉన్న డబ్బా మీద ఆ సంఘం గుర్తు పక్కన ఆర్‌ఎల్ అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది. దుకాణంలో డబ్బా తిప్పి ఆ నంబరు కోసం చూడండి; లేకపోతే ఆయిల్ చెడ్డదని కాదు, కానీ అది మంచిదన్న మాటకు పూచీ ఇచ్చేవారెవరూ లేరు.

ఇక సింథటిక్ విషయం. మినరల్, సెమీ సింథటిక్, ఫుల్ సింథటిక్ అనేవి మూల నూనె ఏమిటో చెబుతాయి గాని, ఆ ఆయిల్ ఏ ఇంజనుకు పనికొస్తుందో చెప్పవు. ఫుల్ సింథటిక్ అయిన బైకు ఆయిల్‌లోనూ బూడిద ఉండవచ్చు, సాదా మినరల్ అయిన టీసీ-డబ్ల్యూ3లో ఉండదు. టీసీ-డబ్ల్యూ3 గుర్తు ఉన్న సెమీ సింథటిక్ దొరికితే మీ స్పీడ్ బోటుకు వాడండి, పొగ తగ్గుతుంది, మసి తగ్గుతుంది. వేట బోటుకు మినరల్ సరిపోతుంది. ఆ అదనపు డబ్బుతో ఏడాదికోసారి నీటి పంపు ఇంపెల్లరు (నీటిని తోసే రబ్బరు రెక్కల చక్రం) మార్చడం మేలని నా అభిప్రాయం.

జవాబు: వేగమే ముఖ్యం

పెద్దవారి మాటను కాదనడం లేదు గాని, చిన్న సవరణ. బోటు పందేల కోసం ఇంజన్లను మార్చుకునేవారు కొందరు టీసీ-డబ్ల్యూ3 చాలదని, ఏపీఐ టీసీ లేదా జాసో ఎఫ్‌డీ ఆయిలే వాడతారు. ఏడు వేలు, ఎనిమిది వేల ఆర్‌పీఎం తిరిగే ఇంజనులో బూడిద గురించి కంటే బేరింగు మీద నూనె పొర తెగిపోవడం గురించే భయం ఎక్కువ. ఒకప్పుడు రేసుల్లో ఆముదమే వాడేవారన్నది అందరికీ తెలిసినదే. కాస్ట్రాల్ పేరు కూడా అక్కడి నుంచి వచ్చినదే. కాబట్టి హై-పెర్ఫార్మెన్స్ ఇంజనుకు బైకు ఆయిల్ ఎప్పుడూ పనికిరాదని తీర్పు చెప్పడం సరికాదు.

జవాబు: బరంపురం కెమిస్టు

మీరు చెప్పిన వాడుక ఉన్నదే. అయితే పందెపు ఇంజను కొద్ది నిమిషాలు పరిగెత్తుతుంది, పందెం అయ్యాక విప్పి చూస్తారు, పిస్టన్ తల గీకి శుభ్రం చేస్తారు, ప్లగ్గులు మారుస్తారు. తీరవాసి గారి తమ్ముడి బోటు పర్యాటకుల కోసం పొద్దంతా నడవాలి: ఒడ్డు దగ్గర నిదానంగా, లోపలికి పోయాక వేగంగా, మళ్లీ నిదానంగా. నిదానంలో పేరుకున్న బూడిద వేగంలో ఎర్రబడడానికి ఇంతకంటే అనువైన వాడుక ఉండదు. ఇంజను కంపెనీ ఇచ్చిన ఆర్‌పీఎం హద్దు లోపల, మార్పులేవీ చేయకుండా నడిపేవారికి టీసీ-డబ్ల్యూ3 నూనె పొర చాలినంత బలంగానే ఉంటుంది.

ఆముదం గురించి: లోహాన్ని అంటిపెట్టుకుని ఉండటంలో దానికి సాటి వచ్చేవి తక్కువే. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల రోటరీ ఇంజన్లు దాని మీదే తిరిగాయి. కానీ కాలినప్పుడు జిగురుగా మారి రింగులను పట్టేస్తుంది, నిలవ ఉంటే పెట్రోలు నుంచి విడిపోవచ్చు కూడా. రోజూ విప్పి కడిగే ఓపిక ఉన్నవారికే అది.

జవాబు: ఛత్రపురం మెకానిక్

అన్నగారూ, ఆయిల్ ఎంపిక గురించి కెమిస్టు గారు చెప్పినది నూటికి నూరు పాళ్లు నిజం. నా దగ్గరికి పిస్టన్ పట్టేసి వచ్చిన ఇంజన్ల గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. యజమాని ఎప్పుడూ మొదట ఆయిల్‌నే తిడతాడు. విప్పి చూస్తే చాలాసార్లు ఆయిల్ తప్పు ఉండదు.

ఆయిల్ అందక పోయిన ఇంజనులో కనెక్టింగ్ రాడ్డు పెద్ద బేరింగు ఎండిపోయి నీలం రంగుకు తిరిగి ఉంటుంది, పిస్టన్ చుట్టూ అన్ని వైపులా గీతలు పడి ఉంటాయి. నీళ్లు అందక వేడెక్కి పట్టేసిన దానిలో సిలిండరు హెడ్డు మీది రంగు మాడి పెచ్చులూడుతుంది, బేరింగులు మాత్రం నూనెతో మెరుస్తూనే ఉంటాయి. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైన దానిలో పిస్టన్ ఎగ్జాస్టు వైపు అంచు కరిగి కొరికినట్టు ఉంటుంది. ఆయిల్ ఏదైనా సరే, ఈ మూడూ వేరువేరు జబ్బులు.

మన తీరంలో రెండో జబ్బే ఎక్కువ. ఋషికుల్య నది మొగ దగ్గరా, సోనాపూర్ దగ్గర బాహుదా మొగలోనూ అల విరిగేచోట నీళ్లలో ఇసుక కలిసిపోయి ఉంటుంది. బోటును అలలోకి తోసి, ఆ ఇసుక నీటిలోనే ఇంజను స్టార్టు చేసి, పూర్తి థ్రాటిల్ ఇచ్చి అల దాటుతాం. ఆ నిమిషంలో నీటి పంపులోకి పోయిన ఇసుక రబ్బరు ఇంపెల్లరు రెక్కలను అరగదీస్తుంది. ఇంజను వెనక నుంచి వచ్చే నీటి ధార సన్నబడినా, ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడిగా ఉన్నా వేగం తగ్గించి ఒడ్డుకు రావాలి గాని, ఇంకాస్త ఆయిల్ కలుపుదామని ఆలోచించకూడదు.

పాళ్ల విషయానికి వస్తాను. మీ 40 హెచ్‌పీ ఇంజను పుస్తకంలో 50కి 1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్. 24 లీటర్ల ట్యాంకుకు 480 మిల్లీలీటర్లు. కొత్త ఇంజనుకో, పిస్టన్ రింగులు కొత్తవి వేసిన ఇంజనుకో పుస్తకం చెప్పినన్ని గంటలు, మామూలుగా మొదటి పది గంటలు, 25కి 1 పాళ్లలో, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు కలపాలి. కొన్ని ఇంజన్లకు 100కి 1 అని కంపెనీయే చెబుతుంది. అది చూసి పక్క బోటువాళ్లు తమ ఇంజనుకూ సగమే పోసి మిగుల్చుకుందామనుకుంటారు. ఆ మిగులు క్రాంకు షాఫ్టు ఖర్చు ముందు దేనికీ చాలదు.

ఎక్కువ పోస్తే మంచిదే కదా అనేవారు ఇంకొందరు. కార్బ్యురేటర్ జెట్టు (పెట్రోలు పోయే సన్నటి రంధ్రం) గుండా పోయే దానిలో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది. ఇంజను లీన్‌గా, వేడిగా నడుస్తుంది. దానికితోడు ప్లగ్గు తడిసి నల్లబడుతుంది, రింగులకు మసి పడుతుంది.

కలపడం కూడా పద్ధతిగా చేయాలి. ఖాళీ క్యానులో ముందు కొద్దిగా పెట్రోలు పోసి, ఆ తరువాత ఆయిల్ మొత్తం పోసి, మూత బిగించి బాగా కుదిపి, అప్పుడు మిగతా పెట్రోలు పోయాలి. నిండు ట్యాంకులో పైనుంచి ఆయిల్ పోస్తే అది అడుక్కు దిగి కూర్చుంటుంది. మొదట వచ్చేదంతా చిక్కటి ఆయిలే, ఆ తరువాత వచ్చే పెట్రోలులో ఆయిల్ చాలదు.

మీ తమ్ముడి బోటు సంగతి కొంచెం జాగ్రత్త. పాత ఇంజనుకు ఆయిల్ పంపు పనిచేస్తోందని అమ్మినవారి మాట మీద నమ్మవద్దు. ఈ పంపు నిదానంలో తక్కువగా, వేగం పెరిగేకొద్దీ ఎక్కువగా ఆయిల్ ఇస్తుంది. మొదటి ట్యాంకు పెట్రోలులో 50కి 1 పాళ్లలో ఆయిల్ కలిపి పోయండి. కొద్దిగా పొగ వస్తుంది, ప్లగ్గులు కాస్త నల్లబడతాయి, పరవాలేదు. ఆయిల్ ట్యాంకు మీద మార్కరుతో గీత గీసి, ఆ పెట్రోలు అయ్యేసరికి ఆయిల్ మట్టం ఎంత దిగిందో చూడండి. దిగకపోతే పంపు పోయిందన్నమాట; కలిపిన ఆయిలే అప్పటిదాకా ఇంజనును కాపాడుతుంది. ఆయిల్ తక్కువైతే మోగాల్సిన అలారం మోగుతోందో లేదో కూడా పరీక్షించుకోండి. పాత ట్యాంకులో ఏ ఆయిల్ ఉందో తెలియదు కాబట్టి దాన్ని పూర్తిగా తీసేసి, గొట్టాలు ఖాళీ చేసి కొత్తది నింపి, గొట్టాల్లో గాలి మిగలకుండా పంపు దగ్గర వదిలించండి. లైసెన్సు ఉన్న టీసీ-డబ్ల్యూ3 ఆయిల్స్ ఒకదానితో ఒకటి కలిసినా పరవాలేదు. వేరే రకంతో కలిస్తే జిగురు ముద్దలు కట్టి సన్నటి గొట్టం పూడుకుపోయే ప్రమాదం ఉంది.

ఊళ్లో బోట్లు టూటీ ఆయిల్‌తో ఎలా నడుస్తున్నాయని అడిగారు. నడుస్తాయి. చిన్న ఇంజను, తక్కువ వేగం, ఎప్పటికప్పుడు ప్లగ్గు తీసి గీకే మనిషి ఉంటే ఏళ్ల తరబడి నడుస్తాయి. ఏటా రింగులు మార్చే ఖర్చును ఎవరూ ఆయిల్ ఖాతాలో రాయరు, అంతే తేడా.

ప్రశ్నించినవారి స్పందన: గోపాల్‌పూర్ తీరవాసి

మీ అందరికీ కృతజ్ఞతలు. పంపు పరీక్ష రేపే చేయిస్తాను. ఇంకొక్క సందేహం. బంకులో ఇప్పుడు వచ్చే పెట్రోలులో ఇథనాల్ ఎక్కువైందని, దానితో ఆయిల్ విడిపోతుందని తమ్ముడు అంటున్నాడు. ఇది నిజమేనా?

జవాబు: రంభ పడవల రేవు

సగం నిజం. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజన్ల పుస్తకాలు చాలావరకు 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ ఉన్నంత మాత్రాన ఆయిల్ విడిపోదు. నీళ్లు చేరితేనే తిప్పలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ట్యాంకు మూత దగ్గర జల్లు పడితే ఆ నీటినీ కలుపుకుంటుంది. నీరు ఒక హద్దు దాటాక ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కు దిగుతాయి. ఆయిల్ మాత్రం పైన ఉన్న పెట్రోలులోనే ఉండిపోతుంది. ఇంజను పీల్చేది అడుగు నుంచి కాబట్టి, ఆయిల్ చుక్క లేని నీళ్ల ఇథనాల్ లోపలికి పోతుంది. ఎంత మంచి టీసీ-డబ్ల్యూ3 పోసినా అప్పుడు ఉపయోగం లేదు.

కాబట్టి నీటిని వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టరు పెట్టించండి, అవసరమైనంత పెట్రోలే కొని, కలిపినదాన్ని వారాల తరబడి నిలవ ఉంచకండి. అనుమానం వస్తే అడుగు పెట్రోలును గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచి చూడండి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు మెత్తబడతాయి, వాటినీ మార్చండి.

ఇంకో సంగతి. మేము చిలికా సరస్సులో పడవలు నడిపేవాళ్లం. కార్బ్యురేటర్ ఉన్న టూ-స్ట్రోక్ ఇంజను పోసిన పెట్రోలులో దాదాపు పావు వంతు దాకా కాలకుండానే నీళ్లలోకి వదులుతుంది, దానితోపాటు ఆయిల్ కూడా. చిలికా 1981 నుంచి అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడి నేల, ఇరావడీ డాల్ఫిన్లు ఉన్న నీరు. ఈస్టర్లు అనే రకం రసాయనిక నూనెలతో చేసి, నీటిలో త్వరగా కుళ్లి కలిసిపోయే టీసీ-డబ్ల్యూ3 ఆయిల్స్ కూడా ఉన్నాయి. ఖరీదు ఎక్కువే గాని, పర్యాటకుల బోటుకు ఆలోచించవచ్చు.

జవాబు: ఛత్రపురం మెకానిక్

రంభవారు నిలవ మాట ఎత్తారు కాబట్టి ఇదీ చెబుతాను. తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య మొగ దగ్గర 20 కిలోమీటర్ల లోపు వేట బంద్ ఉంటుంది. ఆ ఊళ్ల ఇంజన్లు నెలల తరబడి పాకలో పడి ఉంటాయి. మీ బోటు కూడా ఎప్పుడైనా అలా ఆగితే, ఆపే ముందు మంచినీళ్లు పెట్టి ఇంజను లోపలి ఉప్పు కడిగి, పెట్రోలు గొట్టం తీసేసి, కార్బ్యురేటర్ ఖాళీ అయ్యేదాకా నడుపుతూ, చివర్లో గాలి పోయే దారిలో ఫాగింగ్ ఆయిల్ (లోపల తుప్పు పట్టకుండా కొట్టే స్ప్రే నూనె) కొట్టండి. ఇంజను దట్టమైన పొగ వదిలి ఆగిపోతుంది. తరువాత ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండరులో కొద్దిగా అదే ఆయిల్ కొట్టి, ఫ్లైవీలును చేత్తో నాలుగైదు చుట్లు తిప్పి ప్లగ్గులు బిగించండి. ఇంజనును పడుకోబెట్టకుండా నిలబెట్టే ఉంచండి, లోపలి నీళ్లు దిగిపోతాయి. ఫాగింగ్ ఆయిల్ దొరకకపోతే టీసీ-డబ్ల్యూ3 ఆయిలే నూనె డబ్బాతో చుక్కలుగా వేయవచ్చు. మళ్లీ తీసిన రోజున ఆ ప్లగ్గులు నల్లగా తడిసి ఉంటాయి కాబట్టి కొత్తవి రెండు దగ్గర పెట్టుకోండి, వీ-4కు నాలుగు.